దీర్ఘం పోయిన అమెరికా బండి

వేసవి సెలవుల్లో బొంబాయి వెళ్ళొచ్చానని తెలిసి మా స్టాఫ్ రూములో అందరూ సముద్రం గురించి అడిగారు. సముద్రం చూడలేదన్నాను. సినిమా వాళ్ళ బంగళాలు? అవీ చూడలేదు. మరి అన్ని రోజులు ఏం వెలగబెట్టావమ్మా అంటే, ఒక పాత అమెరికా కారును చూశానని చెప్పాను. హిందీ టీచరు నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమైనా ఉందేమోనని చూసింది. ఆమె కోసమూ, బొంబాయి మొహం చూడని మిగతా వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

నాకు కార్ల పిచ్చి నాన్న వల్ల పట్టింది. ఆయన మహబూబ్‌నగర్‌లో ఒక వకీలు గారి దగ్గర డ్రైవరు. వకీలు గారిది అమెరికా బండి. దాని ముందు సగం మా వీధి మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా వెనక సగం ఇంకా మా ఇంటి ముందే ఉండేది. నేను అ ఆ లు మొదట దిద్దింది పలక మీద కాదు, దాని వెనకద్దం మీది దుమ్ములో. అందుకే మా స్కూలు లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు వారపత్రికలో ఈ మధ్య అమెరికా పెద్ద కార్ల గురించి ఒక వ్యాసం కనబడితే నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ చదివాను. ఒకప్పుడు ప్రపంచంలో దర్జా అంటే ఆ కార్లేనట. ఇప్పుడు డబ్బున్న అమెరికా వాళ్ళే జర్మనీ కార్లు, జపాను కార్లు కొంటున్నారట. కంపెనీల వాళ్ళు కంగారుపడి బండ్లను కురచ చేశారు, మామూలు బండికి గొప్ప బండి పేరు అంటించారు, అయినా లాభం లేకపోయిందట. పోయిన పరువు మళ్ళీ వస్తుందా అని అడిగి, ఆ రాసినాయన జవాబు చెప్పకుండా వ్యాసం ముగించాడు. నాకు ఒళ్ళు మండింది. మా పిల్లలు పరీక్షలో అలా రాస్తే నేను మార్కులు వేయను.

సరిగ్గా అప్పుడే బొంబాయి నుంచి మా చిన్నమ్మ కబురు పంపింది. వాళ్ళ గల్లీలో మల్లేశం గారి కొడుకు పెళ్ళి, తప్పకుండా రమ్మని. "మీ చిన్నాయిన బండి ఇంకెన్ని దినాలుంటదో తెల్వది. జూసేదుంటే గిప్పుడే రా" అని చివర ఒక మాట. చిన్నాయన నర్సయ్య చాలా ఏళ్ళుగా కామాటిపురలో ఒక అమెరికా బండి నడుపుతున్నాడని నాకు తెలుసు, ఎప్పుడూ చూడలేదు. కామాటిపుర అనేసరికి మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ పేటకున్న చెడ్డపేరు అందరికీ తెలిసిందే. కానీ దానికి కామాటిపుర అన్న పేరు వచ్చింది రాళ్ళు మోసి బొంబాయిని కట్టిన మన కామాటీల వల్లే గానీ తర్వాత చేరిన పడుపు వ్యాపారం వల్ల కాదు అని గట్టిగా చెప్పి సంచీ సర్దుకున్నాను.

బస్సులో రొట్టె

మా జిల్లా నుంచి బొంబాయి వెళ్ళే బస్సులో ఊళ్ళకు ఊళ్ళే కూర్చుని ఉంటాయి. సీట్ల కింద జొన్నల మూటలు, నడిచే దారిలో గంపలు, పారలు. నా పక్కన ఒక పెద్దాయన కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. పేరు సాయన్న. కొడుకులు ఏనాడో ధారావి చేరి సెంట్రింగు పని, మట్టి పని చేసుకుంటున్నారట. ఈయన మాత్రం ఇంతవరకూ ఊరు కదల్లేదు. సోలాపూర్ దాటేదాకా నాతో పలకలేదు. తర్వాత మూట విప్పి జొన్నరొట్టె మీద ఉల్లికారం వేసి నా చేతికిచ్చాడు.

"తిను పంతులమ్మ. బొంబాయిల గిసోంటిది దొరుకుతదో లేదో."

నేను టీచరునని ఎలా తెలిసిందని అడిగాను.

"పొద్దుగాల్నించి కండక్టరుకు తప్పులు దిద్దుతున్నవ్ గద" అన్నాడు.

ఆయన తన మనుమరాలు పద్మ పెళ్ళికి వెళ్తున్నాడు. పెళ్ళికొడుకు ఎవరంటే, కామాటిపుర మల్లేశం కొడుకు ప్రకాశ్. ఒకే పెళ్ళికి ఆయన ఆడపిల్ల తరఫు, నేను మగపిల్లవాడి తరఫు అని తేలేసరికి ఆయన చూపులో కొంచెం మర్యాద, కొంచెం అనుమానం చేరాయి.

"మంచోళ్ళేనా?" అన్నాడు.

మంచివాళ్ళేనని చిన్నమ్మ చెప్పిందన్నాను.

"తాతల నాడు వోయినోళ్ళంట. వాళ్ళు గూడ రాళ్ళు మోసినోళ్ళే. ఇప్పుడు పక్కా బొంబాయోళ్ళు. మా పిల్లను మంచిగ జూస్తే చాలు" అన్నాడు.

పెళ్ళితో పాటు ఒక కారును కూడా చూడటానికి వెళ్తున్నానని చెబితే బస్సంతా వెనక్కి తిరిగి చూసేలా నవ్వాడు. "కారు జూడనీకి గింత దూరమా? మా ఊరి కంకర మిషను కాడికి దినాం లారీలొస్తయి. వచ్చి జూడరాదు." బొంబాయి చేరేదాకా దారిలో ఏ లారీ కనబడినా నన్ను మోచేత్తో పొడిచి చూపిస్తూనే ఉన్నాడు.

వడియాల కింద

కామాటిపురలో గల్లీలకు పేర్లు లేవు, నంబర్లే. చిన్నమ్మ వాళ్ళుండే పాత మేడకు, అక్కడి మాటలో చాల్‌కు, అరిగిపోయిన చెక్క మెట్లు, ప్రతి అంతస్తులో పొడుగాటి వరండా, దాని వెంట వరసగా ఖోలీలు. ఖోలీ అంటే ఒక్క గది. వంట, పడక, దేవుడు, కుట్టు మిషను అన్నీ అందులోనే. నేను మా ఇంట్లో గరిటె కోసం ఇల్లంతా తిరుగుతాను. చిన్నమ్మ కూర్చున్న చోటు నుంచి లేవకుండా సంసారమంతా అందుకుంటుంది. పొద్దున నల్లా దగ్గర తెలుగులో మొదలైన తగాదా మరాఠీలో ముదిరి హిందీలో రాజీకి వస్తుంది.

"ఏమే పోరి, గింత బక్కగైనవ్? మీ స్కూల్ల జేవణ్ వెట్టరా?" అంది నన్ను చూడగానే. జేవణ్ అంటే భోజనం. ఆమె మాటలో పాలమూరు ఎక్కడ ఆగి మరాఠీ ఎక్కడ మొదలవుతుందో ఆమెకే తెలియదు. స్కూల్లో పెట్టకపోయినా తను పెడతానని వెంటనే కింది నుంచి వడాపావ్ తెప్పించింది. రూపాయి లోపే. మా ఊళ్ళో బజ్జీని బజ్జీలాగే తింటాం. ఇక్కడ ఆలుగడ్డ బజ్జీని రొట్టె మధ్యలో దాచి, వెల్లుల్లి కారం చల్లి ఇస్తారు. దాచడం ఎందుకో అర్థం కాలేదు గానీ రెండోది కూడా తిన్నాను.

బండి ఎక్కడని అడిగితే వరండాలోంచి కిందికి వేలు చూపింది. గల్లీ చివర పాత తెల్లచీర పరిచిన అరుగు లాంటిదేదో ఉంది, దాని మీద మినప వడియాలు ఎండుతున్నాయి. దిగి వెళ్ళి చీర కొస ఎత్తితే కింద కారు బానెట్టు.

"పైలం, పచ్చిగున్నయి" అని పైనుంచి చిన్నమ్మ కేక వేసింది. "గింత ఎండ వట్టే రేకు బొంబాయి మొత్తంల లేదు."

ప్రపంచానికి దర్జా నేర్పిన బండి మీద వడియాలు. నవ్వు వచ్చింది, ప్రాణం ఉసూరుమంది కూడా. ఇంతలో చిన్నాయన వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో, ఈ వయసులో కూడా నిటారుగా ఉన్నాడు. ఇద్దరం నాలుగు కొసలూ పట్టి వడియాల చీరను పక్కన దించాం. అప్పుడు బండి బయటపడింది. లేత నీలం రంగు, ముందు వరసగా మెరిసే పళ్ళు, వెనక రెండు పక్కలా చేప తోకల్లా లేచిన రెక్కలు. నీలం అక్కడక్కడా పెచ్చులూడింది గానీ మెరుపు రేకుల మీద ఎక్కడా తుప్పు చుక్క లేదు. చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసరికి, డిక్కీ మీద కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఇత్తడి అక్షరాలతో తెలుగులో 'గడి' అని ఉంది.

మా తెలంగాణ పల్లెల సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గడి అంటే దొర ఉండే కోట లాంటి బంగళా. ఊరంతా వెట్టి చేసింది దానికే. ఆ మాట అమెరికా కారు మీద ఎందుకుందో నాకు అంతుపట్టలేదు.

చిన్నాయన తీరిగ్గా చెప్పాడు. బండి మొదట ఒక మిల్లు యజమానిదట. ఆయన అమ్మేస్తుంటే గల్లీ తెలుగువాళ్ళ సంఘం కొన్నది. అప్పట్నుంచి గల్లీలో ఏ పెళ్ళి జరిగినా పెళ్ళికొడుకు ఇందులోనే రావాలి, స్టీరింగు చిన్నాయన చేతిలోనే ఉండాలి. దాని ఇంగ్లీషు పేరు ఒక్కొక్క అక్షరమే మాయమై చోర్ బజారు చేరింది. ఇక మన పేరే పెడదామనుకుని, బొంబాయిలో బండిని గాడి అంటారు కాబట్టి 'గాడి' అని కాగితం మీద రాసిచ్చి ఇత్తడిలో కోయించారు. కోసినాయనకు తెలుగు రాదు. తిరిగొచ్చేసరికి దీర్ఘం పోయింది.

"పెద్దోళ్ళంత కడుపు పట్టుకొని నవ్విండ్రు బిడ్డా. తియ్యొద్దన్నరు. తాతలు గడికి రాళ్ళు మోసిండ్రు, మనుమలు గడినే కొన్నరు అని గల్లంత మురిసింది" అన్నాడు.

మురిసిన రోజులు పోయాయి. ఢిల్లీ దగ్గర తయారయ్యే చిన్న కారు రోడ్డు మీదికి వచ్చాక పెళ్ళికొడుకులందరికీ అదే కావాలి. చాలా కాలంగా గడిని ఎవరూ పిలవలేదు. వచ్చే ఆదివారం సంఘం కూర్చోబోతోంది. పాత ఇనుము వ్యాపారి కాచుకుని ఉన్నాడు. మల్లేశం ఇంటి పెళ్ళి కూడా బండి లేకుండా అయిపోతే దాన్ని తూకానికి ఇచ్చేస్తారు. ఇదంతా చెబుతున్నంతసేపూ చిన్నాయన బానెట్టు మీద పడిన వడియాల పిండి తుడుస్తూనే ఉన్నాడు. తుడవడం అయిపోయాక కూడా ఆపలేదు.

నాగ్‌పాడా చాయ్

మర్నాడు హారను బాగుచేయించడానికి నాగ్‌పాడా వెళ్తుంటే నేనూ ఎక్కాను. లోపల సోఫాలో కూర్చున్నట్టే ఉంది. తలుపు మూసేటప్పుడు నా పైట కొస బయట ఉండిపోయింది. అది నాగ్‌పాడా దాకా జెండాలా ఎగురుతూ వచ్చిందని దిగాక తెలిసింది. సిగ్నళ్ళ దగ్గర టాక్సీ వాళ్ళు నవ్వారు. నన్ను చూసా, బండిని చూసా అన్నది ఇప్పటికీ తేలలేదు.

హారను విప్పిన ముసలి ఉస్తాదే ఆ అక్షరాలు కోసింది. ఇరానీ హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. మా హైదరాబాదు చాయ్ కన్నా పలుచన, కాని బన్ను మీద వెన్న మాత్రం హోటలు వాడు చేతికి ఎముక లేనట్టు రాశాడు. దీర్ఘం ఏం చేశారని నిలదీశాను. గ పక్కన కొక్కెంలా వేలాడుతుంటే కలం జారిన గీత అనుకున్నానని హిందీలో చెప్పాడు. మీ భాషలో అన్నీ గుండ్రంగా ఉంటాయి, ఏది అక్షరమో ఏది వంకరో తెలిసి చావదు అని నా మీదే ఎదురు తిరిగాడు. తెలుగు పంతులమ్మను పట్టుకుని అంత మాట అన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నా పత్రిక ప్రశ్న అక్కడ వేశాను. అమెరికా బండ్ల పరువు తిరిగి వస్తుందా? ఉస్తాదు ప్రస్తుతం చిన్న కార్లకు సీటు తొడుగులు కుట్టి బతుకుతున్నాడు. అమెరికా వాళ్ళు కూడా బండిని ఇంత చిన్నది చేస్తే వస్తుందన్నాడు. పెట్రోలు ధర, పార్కింగు, గల్లీల వెడల్పు, అన్నీ చూడాలి కదా అన్నాడు.

చిన్నాయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "చిన్నగ జేస్తె ఇంక గది అమెరికాదెట్లయితది? మనిషి చిన్నగైతె పోరడైతడా?"

చిన్నది చేస్తే అది అది కాకుండా పోతుంది, చేయకపోతే కొనేవాడు లేడు. పత్రికలో నాలుగు పేజీలు రాసినాయన కూడా ఇక్కడే ఇరుక్కున్నాడు. ఉస్తాదు మాత్రం హారను బిగించి, ఒకసారి మోగించి, దుకాణం ముందు పడుకున్న మేక లేచి పారిపోతే సంతోషపడ్డాడు.

బాసింగమా, ముండావళ్యా

పెళ్ళికొడుకు ప్రకాశ్ ఒక ఆఫీసులో గుమాస్తా. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం మరాఠీలో వస్తుంది. నేను వెళ్ళేసరికి ఇంట్లో బాసింగం మీద వాదన నడుస్తోంది. అతనికి మరాఠీ పెళ్ళికొడుకుల్లా నుదుటికి ముత్యాల సరాలు, వాళ్ళ మాటలో ముండావళ్యా, కట్టుకోవాలని ఉంది. వాళ్ళమ్మకు మన బాసింగమే కావాలి. చివరికి రెండూ కట్టాలని తేల్చారు. మా ఊళ్ళో అయితే ఇలాంటి గొడవకు రెండు కుటుంబాలు ఏడాది మాట్లాడుకోవు. ఇక్కడ చోటు తక్కువ కాబట్టి కోపాలు కూడా తొందరగా సర్దేస్తారేమో.

బండి దగ్గర మాత్రం రాజీ కుదరలేదు.

"నకో బాబా. దోస్తులందరు నవ్వుతరు. గది బండి కాదు, మ్యూజియం" అన్నాడు ప్రకాశ్. స్నేహితుడి ఎర్ర చిన్న కారు అప్పటికే మాట్లాడుకున్నాడు.

మల్లేశం పెద్దగా అరిచే మనిషి కాదు. "నా పెండ్లి దాన్లనే అయింది. నువ్వు పుట్టినంక దవాఖానకెళ్ళి నిన్ను దాన్లనే తెచ్చిన. గిప్పుడు మ్యూజియమా?" అన్నాడు.

కొడుకు వినలేదు. కొంతసేపటికి మల్లేశమే దిగివచ్చాడు. పెళ్ళికొడుకు ఎర్ర కారులో ఊరేగుతాడు. ధారావి నుంచి పెళ్ళికూతురినీ పెద్దలనూ తేవడానికి గడి వెళ్తుంది. మన వైపు పిల్లను మగపెళ్ళివారింటికి తీసుకొచ్చి పెళ్ళి చేసే పద్ధతిని వీళ్ళు ఇంకా విడవలేదు. సంఘం వాళ్ళు దీన్ని కూడా పెళ్ళి కిందే లెక్కేస్తారని మల్లేశం మాట ఇచ్చాడు. చిన్నాయన తలూపాడు. ఆ రాత్రి అన్నం కలుపుతూ చిన్నమ్మతో, "పిల్ల ఎక్కితే చాలు. పిల్ల ఎక్కిందంటే బండి నిలబడ్డట్టే" అన్నాడు.

ధారావి రోడ్డు

ధారావిలో తోలు వాసన, సబ్బు వాసన, కాలుతున్న మట్టి వాసన ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. సందుల్లోకి మా బండి దూరదు కాబట్టి పెద్ద రోడ్డు మీదే ఆపాం. చిన్నాయన, మల్లేశం, నేను దిగాం. పాలమూరు పనివాళ్ళంతా పనికి సెలవు పెట్టి వచ్చి నిలబడ్డారు. మా జిల్లా మాటను ఇంతమంది నోట ఒకేసారి మా జిల్లాలో కూడా వినలేదు. ఒకామె బెల్లం పానకం ఇచ్చింది. అందరూ బండి చుట్టూ తిరిగి, రెక్కలు తాకి, అద్దాల్లో మొహాలు చూసుకుంటున్నారు. చిన్నాయన మొహం వెలిగిపోయింది. పసుపు చీరలో పద్మ, కొత్త తలపాగాలో సాయన్న సందులోంచి వచ్చారు. సాయన్న నన్ను గుర్తుపట్టి, "గిదేనా నీ కారు?" అని బండి పొడుగునా చూపు నడిపించాడు. "లారీ కన్న మంచిగనే ఉన్నది."

మల్లేశం సంతోషం పట్టలేకపోయాడు. "సాయన్న మామా, నీ మనుమరాలి కోసం గడే కదిలొచ్చింది. చెప్పులిడిచి ఎక్కుండ్రి" అన్నాడు. చెప్పుల నియమం చిన్నాయనది. లోపల ఎర్ర తివాచీ ఉంది, రోజూ చేత్తో దులుపుతాడు. ఎవరైనా సరే చెప్పులు విడిచే ఎక్కాలి. నాగ్‌పాడా వెళ్ళేటప్పుడు నేనూ విడిచాను.

"ఏమొచ్చింది?" అన్నాడు సాయన్న.

"గడి, మామా. గీడ రాసున్నది జూడు."

సాయన్నకు చదువు రాదు. మనుమరాలి వైపు చూశాడు. పద్మ ఇక్కడి తెలుగు బడిలో చదివింది. అక్షరాలు చూసి, అవునన్నట్టు తలూపింది. ముసలాయన చెయ్యి ఆమెకు అడ్డంగా వచ్చింది.

"నా మనుమరాలు ఎక్కది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన గొంతు పెంచలేదు. "టాక్సీ దెస్తం. నడిపిచ్చుకోనన్న వస్తం. గడి తలుపు మాత్రం మా పిల్ల దాటది."

నేను ముందుకు వెళ్ళి దీర్ఘం సంగతంతా చెప్పాను. అది గాడి అని, కోసినాయనకు తెలుగు రాక గడి అయిందని, ఊరికే నవ్వులాటకు ఉంచారని. సాయన్న ఓపిగ్గా విన్నాడు.

"నీ దీర్ఘం నీకెరుక పంతులమ్మ. నాకు గడి ఎరుక. దాని ముంగట చెప్పులు చేత వట్టుకొని నడిచినోణ్ణి. మా అక్క పద్మంత ఉన్నప్పుడు గడిలకు బోయింది. మల్ల మా ఇంటికి రాలే."

కామాటిపుర వాళ్ళ తాతలు ఊరు విడిచి ఎంత కాలమైందో, ఆ మాటలోని కరుకు వాళ్ళకు అంత అరిగిపోయింది. ఇన్నేళ్ళుగా దాన్ని తుడిచి, మెరుగుపెట్టి, పెళ్ళిళ్ళకు పంపుతున్నారు. గడి అంటే ఏమిటో తెలిసి కూడా దాని కథను సరదాగా విన్నది గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మల్లేశం నేల చూస్తున్నాడు. టాక్సీ కోసం ఎవరో అప్పుడే బయల్దేరారు కూడా. పిల్ల ఎక్కకుండా ఈ బండి ఖాళీగా వెనక్కి వెళ్తే ఆదివారం ఏమవుతుందో నాకు తెలుసు, చిన్నాయనకు నాకన్నా బాగా తెలుసు. ఆయన బతిమాలుకుంటాడనుకున్నాను.

చిన్నాయన వెనక తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు.

"అన్నా, పిల్లను ఎక్కుమంటలేను. నువ్వెక్కు, ఒక్కనివే. చెప్పులతోని ఎక్కు."

"నర్సన్నా, తివాచీ..." అన్నాడు మల్లేశం అలవాటు కొద్దీ.

"నువ్వాగు" అన్నాడు చిన్నాయన.

సాయన్న చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. "చెప్పులతోనా?"

"చెప్పులతోనే. తలుపు నేను వట్టుకుంట."

టైరు అట్టల చెప్పులు, ఊరి ఎర్రమట్టి ఇంకా అంచుల్లో ఉంది. ఆయన ఒక పాదం లోపల పెట్టి ఆగాడు. ఎవరైనా కేకేస్తారేమోనని చూస్తున్నట్టుగా అటూ ఇటూ చూశాడు. తర్వాత రెండో పాదం పెట్టాడు. సీటు మధ్యలో కూర్చుని, కాళ్ళు రెండూ తివాచీ మీద ఆనించి, కొంచెం చాపాడు.

"తిప్పు" అన్నాడు.

చిన్నాయన ఆయన ఒక్కడినీ ఎక్కించుకుని పెద్ద రోడ్డు చివరిదాకా వెళ్ళాడు. మేమంతా అలాగే నిలబడ్డాం. నా పక్కనున్న పానకం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకూ ఆగలేదు. బండి తిరిగొచ్చి మా ముందు ఆగింది. తలపాగా చెక్కుచెదరకుండా, ఒక చెయ్యి కిటికీ మీద వేసుకుని సాయన్న లోపలే ఉన్నాడు. దిగలేదు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రా బిడ్డా, ఎక్కు. నువ్వు గూడ చెప్పులిడువకు."

పద్మ పెళ్ళికి కొన్న కొత్త చెప్పులతో ఎక్కింది. ఆమె వెనక వాళ్ళమ్మ, మేనత్త. నేనూ నా చెప్పులతోనే ముందు సీటులో కూర్చున్నాను. ఎర్ర తివాచీ కాస్తా మట్టిరంగుకు తిరిగింది. చిన్నాయన దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి దాని వంక చూడలేదు.

ఆదివారం

పెళ్ళి బాగా జరిగింది. ప్రకాశ్ నుదుట బాసింగం, ముత్యాల సరాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని పురోహితుడిని తిప్పలు పెట్టాయి. భోజనంలో మన పచ్చిపులుసు పక్కన మరాఠీ వాళ్ళ తీపి పెరుగు, శ్రీఖండ్, వడ్డించారు. రెండూ కలిస్తే ఎలా ఉంటుందని అడగకండి, విస్తరిలో ఒకసారి కలిశాయి. ఎర్ర కారు కూడా వచ్చింది, ముద్దుగానే ఉంది, దాని మీద నాకేమీ కోపం లేదు.

ఇంగ్లీషు పత్రిక ప్రశ్నకు నేను తెచ్చిన జవాబు ఏమిటని మా స్టాఫ్ రూములో ఎలాగూ అడుగుతారు. అమెరికాలో ఆ కంపెనీల వాళ్ళ పరువు తిరిగొస్తుందో లేదో నాకు తెలియదు. వాళ్ళ పేరు ఒక్క అక్షరం కూడా మిగలని ఒక బండి సంగతి మాత్రం తెలుసు. బండిని చిన్నది చేయలేదు, ఉన్న పేరూ మార్చలేదు. ఎవరిని లోపలికి రమ్మనాలో, ఎలా రమ్మనాలో దాన్ని నడిపేవాడు ఒక పూటలో మార్చుకున్నాడు. మార్కులు ఎన్ని వేస్తారో మీ ఇష్టం.

ఆదివారం సంఘం చాల్ కింద చాప పరుచుకుని కూర్చుంది. నేను సాయంత్రం బస్సుకు సంచీ సర్దుకుని వరండాలోంచి చూస్తున్నాను. ఇనుము వ్యాపారి ముందే వచ్చి ఒక పక్కన కుర్చీ వేసుకున్నాడు. పెద్దలు ఇంకా మాట మొదలుపెట్టకముందే ధారావి నుంచి కొందరు వచ్చారు, ఆ రోజు రోడ్డు మీద నిలబడి చూసినవాళ్ళే. ముందు వచ్చినామె నాకు పానకం ఇచ్చినామె. కూతురి పెళ్ళికి బండి కావాలంది. ఆమె వెనకున్నాయన తన చెల్లెలికీ కావాలన్నాడు. సంఘం పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఇనుము వ్యాపారి కుర్చీలోంచి లేచాడు.

ఆమె చిన్నాయన దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, మర్యాద కోసం, "అన్నా, బండి ఖరాబు గానియ్యం. మేం చెప్పులిడిచే ఎక్కుతం" అంది.

"చెప్పులిడిస్తె బండి రాదమ్మా" అన్నాడు చిన్నాయన.